రెండు హారన్లు

పదహారేళ్లుగా లారీ నడుపుతున్నాను. తుర్కపల్లిలో మందుల డబ్బాలు ఎక్కించుకుని మేడ్చల్ గోదాములో దించడం నా పని. ఈ దారిలో ఏ గుంత ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తాను. అందుకే మా కంపెనీ వాళ్లు, డ్రైవర్ లేకుండా నడిచే లారీకి డ్రైవింగ్ నేర్పమని నన్నే పట్టుకున్నారు. నా గొయ్యి నన్నే తవ్వమన్నారన్నమాట.

నా లారీకే చుట్టూ కెమెరాలు బిగించారు. నేను ఎక్కడ బ్రేకు వేసినా, ఎక్కడ హారన్ కొట్టినా లోపల పెట్టిన కంప్యూటర్ అది చూసి నేర్చుకుంటుందట. పక్క సీట్లో లాప్‌టాప్ పట్టుకుని అశ్రిత అనే ఇంజనీరమ్మాయి కూర్చుంటుంది.

నా తోటి డ్రైవర్ బాలేష్ టీ కొట్టు దగ్గర నా భుజం పట్టుకున్నాడు.

"మహేందరన్నా, మంచిగ నేర్పినవనుకో, మనందరి బతుకులు ఆగమైతయ్. తప్పులు నేర్పు. నెమ్మదిగ పోవాల్సిన కాడ జోరుగ పో. పనికిరాదని వాళ్లే తీసేస్తరు."

"సరే తియ్," అన్నాను. మనసారా అన్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం శామీర్‌పేట చెరువు మలుపు వచ్చింది. అక్కడ రోడ్డు పక్కన మా అమ్మ ఈదమ్మ నీళ్ల టబ్బు పెట్టుకుని చేపలు అమ్ముతుంది. టబ్బులో చేప ఎగిరితే చాలు, బైకు మీద పోయేవాళ్లు వెనకా ముందూ చూడకుండా నడిరోడ్డు మీదే ఆగిపోతారు. నేను రోజూ అక్కడ లారీని నెమ్మది చేసి రెండు చిన్న హారన్లు కొడతాను. అమ్మ చెయ్యి ఎత్తుతుంది. మా పలకరింపు అంతే.

ఆ రోజు అమ్మ ఇంకా రాలేదు. రోడ్డు ఖాళీ. బాలేష్ చెప్పినట్టే యాక్సిలరేటర్ తొక్కాను. రేపు డ్రైవర్ లేని బండి ఇదే వేగంతో వస్తుంది, అమ్మ ఇక్కడే కూర్చుని ఉంటుంది అనిపించింది. వెంటనే బ్రేకు వేశాను. అలవాటుగా హారన్ కూడా రెండుసార్లు కొట్టేశాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

"అన్నా, ఎవరూ లేరు కదా. ఎందుకు స్లో చేశారు?" అంది అశ్రిత.

"జనం ఉంటరు మేడం. చేపలమ్ముతరు."

"మరి రెండుసార్లు హారన్ ఎందుకు?"

మా అమ్మ కోసమని చెప్పడానికి సిగ్గేసింది. "జాగ్రత్తకు మేడం. గీడ గట్లనే కొట్టాలె," అన్నాను. ఆమె రాసుకుంది.

ఆ తర్వాత మేడ్చల్ దాకా నాకు తెలిసినవన్నీ చెప్పేశాను. ఆ సంగతి తెలిసి బాలేష్ నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టినా బాగుండేది.

నాలుగు నెలలకు లారీ తనంతట తానే బయలుదేరింది. ఏదైనా తేడా వస్తే స్టీరింగ్ పట్టుకోవడానికి నన్ను సీట్లో కూర్చోబెట్టారు. అదీ ఈ నెలాఖరు దాకానే. స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను.

చెరువు మలుపులో లారీ నెమ్మదించింది. టబ్బు వెనక అమ్మ కనిపించింది. నేను చెయ్యి చాపేలోపే రెండు చిన్న హారన్లు మోగాయి, అచ్చం నేను కొట్టినట్టే. అమ్మ నవ్వుతూ చెయ్యి ఎత్తింది.

సాయంత్రం ఇంటికి వెళ్తే అన్నం పెడుతూ అంది: "మస్తు పరేషాన్‌ల ఉన్నవ్ గని, ఇయ్యాల గూడ హారన్ కొట్టుడు మరువలే బిడ్డా."

కొట్టింది నేను కాదని చెప్పలేకపోయాను.