పసుపు చివర రాసిన సున్నిపిండి

సిడ్నీలో పరమట్టా చుట్టుపక్కల కాత్యాయని సున్నిపిండి ఎరగని తెలుగు ఇల్లు లేదు. ఎండబోసిన పెసలు మిక్సీలో పట్టి, పాత నేతచీర ముక్కతో వస్త్రకాయితం పట్టిందంటే ఆ పిండి వేళ్ళకు వెన్నలా తగిలేది. హెలెన్స్‌బర్గ్ గుడికి బయల్దేరినప్పుడల్లా కారు డిక్కీలో పులిహోర గిన్నె పక్కన సున్నిపిండి పొట్లాలు ఉండాల్సిందే. అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ పంచిపెట్టేది.

మందుల షాపు నడిపే షీనా కాకినాడ పిల్ల. తన చంటివాడికి ఆ పిండితో నలుగు పెట్టి చూసి, "మా షాపులో పెడదాం, ఆంటీ" అంది. అత్తగారు నేర్పిన పిండి ఇంగ్లీషు సబ్బుల సరసన కూర్చోబోతోందంటే కాత్యాయనికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

అయితే ఆ మధ్యే కొత్త నిబంధన వచ్చింది. ఒంటికి రాసుకునే ఏ సరుకైనా సరే, అందులో ఏమేం కలిపారో డబ్బా మీద రాయాలి. ఎక్కువ కలిపింది ముందు, తక్కువది వెనక. పిండిలో వాసనకు కలిపే కచ్చూరాలను ఇంగ్లీషులో ఏమంటారో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే షీనాయే మందుల పుస్తకం తిరగేసి పేరు చెప్పింది. కాత్యాయని కాగితం మీద రాసిచ్చిన పేర్లను కూతురు కిరణ్మయి యూనివర్సిటీలో కంప్యూటర్ మీద అచ్చు తీసుకొచ్చింది. డబ్బాలన్నిటికీ అంటించి షాపుకు పట్టుకెళ్ళారు.

షీనా ఒక డబ్బా తిప్పి చదివి నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"ఆంటీ, ఇందులో ఎక్కువ పెసరపిండే కదా? ఫస్ట్ టర్మరిక్ అని రాశారేంటి?"

"ఏ చీటీ రాసినా పసుపే కదమ్మా ముందు రాస్తాం."

"మా అమ్మా అంతే. చర్చి నుంచి వచ్చి సరుకుల చీటీ రాసినా పసుపుతోనే మొదలెడుతుంది. కానీ లేబుల్ మీద అలా కుదరదు, ఆంటీ. ఇలా ఉంటే నేను షెల్ఫ్‌లో పెట్టలేను."

డబ్బాలన్నీ మళ్ళీ కారెక్కాయి. ఇంటికొచ్చాక భర్త ద్వారకానాథ్ ఒక ఉపాయం చెప్పాడు.

"పసుపే ఎక్కువ వెయ్యి. నీ ఆచారమూ నిలుస్తుంది, వాళ్ళ రూలూ నిలుస్తుంది."

"సిడ్నీ ఆడవాళ్ళందరినీ పెళ్ళికూతుళ్ళను చేయమంటారా? మా అత్తగారి పాళ్ళు నేను మార్చను."

కిరణ్మయి "ఇట్స్ జస్ట్ ఎ లేబుల్, అమ్మా" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

పిండి మార్చడానికి మనసొప్పదు. పసుపును వెనక్కి నెట్టడానికి చెయ్యి రాదు. ఇక షీనాకు వద్దని చెప్పేయడమే నయమనుకుంది. మర్నాడు దీపం వెలిగించి అమ్మవారి ముందు కూర్చుంటే మాత్రం వేరే ఆలోచన వచ్చింది. పసుపు ముందు రాసేది శుభం కోసం. ఉన్నది ఒకటీ రాసింది ఒకటీ అయితే, ఆ అబద్ధానికి పసుపు పూసినంత మాత్రాన అది శుభమవుతుందా? తల్లీ, పసుపును చివర కూర్చోబెడితే నీకేమైనా కోపమా అని అడిగింది. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. ఆవిడ లేచి, కూతురిని పిలిచి, పెసలతో మొదలుపెట్టి కొత్తగా చెప్పి రాయించింది.

షీనా ఆ డబ్బాలను కళ్ళకెదురుగా ఉండే అరలోనే సర్దింది. కాత్యాయని ఏదో కొనడానికి వచ్చినదానిలా పక్కనే తచ్చాడింది. నెరిసిన జుట్టు దొరసాని ఒకామె ముందు ఒక క్రీము డబ్బా తీసి, వెనకవైపు గొలుసుకట్టుగా ఉన్న పేర్లతో కాసేపు కుస్తీ పట్టి, పెట్టేసింది. తర్వాత సున్నిపిండి తీసింది. పెసలు, బియ్యం, నారింజ తొక్క, గులాబీ రేకులు అంటూ పేరుపేరునా వేలు ఆనించి, పెదవులు కదుపుతూ చదివింది. కచ్చూరాల దగ్గర మాత్రం కాస్త ఆగి, మళ్ళీ కదిలింది. ఇవన్నీ తన వంటింట్లో ఉండేవే కదా అని షీనాతో అంటూ బుట్టలో వేసుకుంది.

కాత్యాయని తల ఎత్తుకుని బయటికొచ్చింది. కారులో ఎదురుచూస్తున్న ద్వారకానాథ్ ఏమైందని అడిగాడు.

"కొనుక్కుంది. మధ్యలో ఎక్కడా వదల్లేదండీ, పసుపు దాకా చదివింది."