మూడో చెయ్యి

ఆ ప్రెస్సు షాపుని ఆపింది నేనే. ఒక్కణ్ణే, అదీ ఎడమచేత్తో. కుడిచేతిలో టీ గ్లాసు ఉండింది, చుక్క కూడా ఒలకలేదు. మెయిన్ స్విచ్చు లాగేసరికి అంత పెద్ద షెడ్డూ అమ్మ కసిరిన పిల్లాడిలా నోరు మూసుకుంది. కాంట్రాక్టరు నా కాళ్ల మీద పడబోయి, కొత్త ప్యాంటు గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ ముచ్చట తర్వాత. ముందు చెప్పాల్సింది వేరే ఉంది. అది చెబుతున్నంతసేపూ నాకు నవ్వు రాదు, మీకూ రాకూడదు.

నేను బడిలో అటెండర్ని. గంట కొడతాను కనుక పిల్లలు గంటతాత అంటారు. నా చదువు మా ఊళ్లో పలక మీద మొదలై, పలక పగిలిన రోజున ఆగింది. మా బడిలో పదో తరగతి దాటిన పిల్లలకి రెండేళ్ల వృత్తి చదువు పెట్టారు. వారంలో కొన్ని రోజులు బడి, మిగతా రోజులు ఫ్యాక్టరీ. ‘చేతికి పని, బతుక్కి దారి’ అని గోడ పొడుగునా రాయించారు. పిల్లలు ఫ్యాక్టరీ నుంచి జారుకోకుండా చూడమని నన్ను వెంట పంపేవారు. వ్యానులో వాళ్లకి నేను మొసలితో కుస్తీ పట్టిన కథ చెప్పేవాణ్ణి. పిల్లలు నమ్మకపోతే మర్నాటికి మొసలిని ఇంకో మూర పెంచేవాణ్ణి.

ఆ రోజు ఇంకా టీ రాలేదు. ప్రెస్సు షాపులో చప్పుడు ఎలా ఉంటుందంటే, పక్కవాడు మనల్ని తిట్టినా నవ్వి ఊరుకుంటాం. ఆ చప్పుడులో నాకు అరుపు వినబడలేదు. గోరింక నోరు తెరిచి ఉండడం మాత్రం కనబడింది. గోరింక మా పిల్లే, కోర్సులో రెండో ఏడు. నిద్రలో కూడా మాట్లాడుతుందని తోటివాళ్లు పెట్టిన పేరు. నోరు తెరిచే ఉంది, మాట లేదు. కుడిచెయ్యి ప్రెస్సు కింద నుంచి లాక్కుంది. వేళ్లు అక్కడే ఉండిపోయాయి.

షాపు నడిపే కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. వంగి చూశాడు. పిల్లని కాదు, మిషన్ని.

"డై పగల్లేదు కదా?" అన్నాడు.

ఆ మాట ఈ చెవులతో విన్నాను. నేను నూరు అబద్ధాలు చెబుతాను గానీ ఆ మాటని కల్పించడం నా వల్ల కాదు. అంత నీచం నా బుర్రకి తట్టదు.

ప్రెస్సంటే ఏమిటో తెలియని వాళ్లుంటే వినండి. కింద అచ్చు ఉంటుంది, దాన్ని డై అంటారు. దాని మీద రేకు పెడితే పైనుంచి ఇనుప దిమ్మ దిగి ముక్క కోస్తుంది. దిమ్మని దించడానికి కుడి పక్కొకటి, ఎడమ పక్కొకటి, రెండు బటన్లు. రెండూ కలిపి నొక్కితేనే దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే వేళ్లు దిమ్మ కిందికి పోలేవు. మిషను చేసినవాడు మనిషిని తలుచుకుని పెట్టాడది. కాంట్రాక్టరు సరుకుని తలుచుకున్నాడు. ఒక బటను సందులో చెక్కముక్క దూర్పించి, అది ఎప్పుడూ నొక్కుకునే ఉండేలా చేశాడు. ఇక ఒక చేత్తో బటను నొక్కుతూ, రెండో చేత్తో రేకు పెడుతూ తీస్తూ ఉండొచ్చు. సరుకు గబగబా వస్తుంది. ఆ చెక్కముక్కకి షాపులో పేరు మూడో చెయ్యి.

మా పిల్లలు మొట్టమొదట షాపులోకి వెళ్లినప్పుడు, "మూడో చెయ్యి పెట్టుకుని కూర్చోండి" అన్నారు. పిల్లలు అది మిషన్లో ఒక భాగమే అనుకున్నారు. కాదని ఎవరు చెప్పాలి? బడిలో ఈ పాఠం చెప్పే మాస్టారి పోస్టు మొదటినుంచీ ఖాళీ. డ్రాయింగు మాస్టారొచ్చి బోర్డు మీద ప్రెస్సు బొమ్మ ముచ్చటగా గీసి, నీడలు కూడా వేసి వెళ్లేవారు. ఏడాది చివర నోటి పరీక్ష పెట్టారు. హెడ్మాస్టరూ కాంట్రాక్టరూ పక్కపక్కన కుర్చీలేసుకుని, "ప్రెస్సు భాగాలు చెప్పమ్మా" అన్నారు. గోరింక చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పింది: "మోటారు, చక్రం, దిమ్మ, డై, రెండు బటన్లు, మూడో చెయ్యి."

కాంట్రాక్టరు పడీ పడీ నవ్వి చప్పట్లు కొట్టాడు. ఎందుకు నవ్వాడో తెలియక హెడ్మాస్టరూ నవ్వాడు. దానికి నూటికి నూరు మార్కులు వేశారు.

ఇదీ మన వృత్తి చదువు! జీతం అడిగితే, "మీరు విద్యార్థులు, నేర్చుకోడానికొచ్చారు" అనేవాడు కాంట్రాక్టరు. నేర్పమంటే, "పాఠాలకి బడి ఉందిగా, ముందు పని కానివ్వండి" అనేవాడు. కూలివాడికిచ్చే కూలీ లేదు, చదువరికిచ్చే చదువూ లేదు. పిల్లల చేతులు మాత్రం వాడికి కావాలి.

మర్నాడు హెడ్మాస్టరు క్లాసులోకొచ్చి, తలుపు దగ్గర నన్ను నిలబెట్టాడు.

"రేపు ఫ్యాక్టరీకి పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నారు. ఆ చెక్క ఆ అమ్మాయే ఆటకి పెట్టిందని చెప్పండి. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడొద్దు."

వెనక బెంచీలోంచి లాయరు లేచాడు. లాయరు అంటే కుర్రాడే. అన్నం పెడితే ముద్ద ముద్దకీ వాదించే రకం.

"అలా చెబితే గోరింక సంగతేంటి సార్?"

"పేరు తీసేస్తాం. వేళ్లు లేని పిల్లకి మిషను చదువెందుకురా? మీరు చెప్పకపోతే కోర్సే మూసేస్తారు. అందరి రెండేళ్లూ నీళ్లపాలు. ఆలోచించుకోండి."

తలుపు నేను వేసే ఉంచాను. కానీ గోరింక వాళ్లమ్మని ఆపే తలుపు ఆ బడిలో లేదు. ఆవిడ డిపోలో బస్సులు కడుగుతుంది. పని మధ్యలోంచి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎందుకా అయ్యా? మా ఇంటి గడపలో నిలబడి, ‘నీలాగా గుడ్డ పట్టుకుని బతక్కూడదంటే పిల్లని ఇందులో చేర్పించు’ అన్నది మీరు కాదూ? రాత్రి ఆసుపత్రిలో అది కళ్లు తెరిచి మొదట ఏమడిగిందో తెలుసా? వేళ్ల గురించి కాదు. ‘నన్ను కోర్సులో ఉంచుతారామ్మా’ అని అడిగింది."

"ఆవేశపడకమ్మా, బయట మాట్లాడుకుందాం..."

"బయట ఎందుకు? ఇక్కడే చెప్పించండి. నా కూతురే చెక్క పెట్టుకుందని ఎవరైనా ఒక్కళ్లు, నా మొహం చూసి చెప్పండి."

ఎవరూ తలెత్తలేదు. హెడ్మాస్టరైతే గోడ మీద రాసినదాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

బడి వదిలాక పిల్లలందరూ సైకిళ్ల షెడ్డులో చేరారు. నన్ను కాపలా ఉండమన్నారు, నేను కాపలా మానేసి లోపలే నిలబడ్డాను.

"రేపు వెళ్లొద్దు. అంతే."

"వెళ్లకపోతే ఆబ్సెంటు వేస్తారు. పరీక్షకి కూర్చోనివ్వరు. మా నాన్న నన్ను నిలువునా చీరేస్తాడు."

"అయితే ఆయన చెప్పమన్నది చెప్పేద్దాం. మనకేం పోతుంది?"

"వేళ్లు పోయాయిరా గాడిదా!"

"నీ వేళ్లా ఏంటి?"

ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. సైకిళ్లు ఒకదాని మీదొకటి పడ్డాయి. విడదీశాక అందరూ రొప్పుతూ నిలబడ్డారు. అప్పుడు ఎవరో అన్నారు:

"వెళ్దాం. కానీ చెయ్యొద్దు. మనల్ని విద్యార్థులని వాళ్లే కదా అంటున్నారు? నేర్పమందాం. నేర్పితేనే చేస్తాం."

ఎవరన్నారో నేను చూశాను, చెప్పను. చెప్పినా లాభం లేదు, ఇప్పుడు అడిగితే ప్రతి ఒక్కరూ నేనే అన్నానంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కూడా కాదు. నేను మొసలి దగ్గర నేర్చుకున్న ఉపాయం ఒకటి చెప్పబోయాను. "తాతా, ఇవాళొద్దు" అన్నారు.

తెల్లారి షాపులో ప్రతి ప్రెస్సు దగ్గరా ఒక పిల్లో పిల్లాడో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. మామూలుగా పనిచేసే ఆడవాళ్లు తమ ప్రెస్సులు తాము కొడుతూనే ఉన్నారు. తల పక్కకి తిప్పితే గేటు బయటికి పంపుతారని వాళ్లకి తెలుసు.

"ఏంట్రా ఇది? గ్రూపు ఫొటోకి నిలబడ్డారా?" అని కాంట్రాక్టరు వచ్చాడు.

"నేర్పండి సార్," అన్నాడు లాయరు.

"ఏం నేర్పాలి?"

"మిషను. రెండు బటన్లున్నాయి. ఎందుకు?"

"నొక్కడానికి!"

"రెండెందుకు సార్?"

"నీకు చెవులు రెండెందుకురా? ఇందుకు!" అని వాడి చెవి పట్టి మెలితిప్పాడు.

"చెప్పండి సార్!" అని చెవి నొప్పి తెలియని పిల్లలందరూ ఒక్కసారి అరిచారు. "నేర్పితేనే చేస్తాం!"

అదే సమయానికి అధికారిని వెంటబెట్టుకుని హెడ్మాస్టరు వచ్చాడు. కాంట్రాక్టరు చెవి వదిలేసి, ఆ చేత్తోనే నమస్కారం పెట్టాడు. "చిన్నపిల్లలండీ. ఆటలెక్కువ. ఆ అమ్మాయి కూడా అలాగే..."

అధికారి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఆ చెక్క ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

అందరూ లాయరు వైపు చూశారు. మూడు ముద్దలకి ముప్పై వాదనలు చేసే కుర్రాడు మెలితిరిగిన చెవి పట్టుకుని నిలబడ్డాడు. హెడ్మాస్టరు ముందు వరసలో ఉన్న పిల్లకి సైగ చేశాడు, చెప్పు చెప్పు అని.

ఆ పిల్ల చేతులు కట్టుకుని, పరీక్షలో నిలబడ్డట్టు నిలబడి, "మోటారు!" అంది.

పక్కవాడు, "చక్రం!" అన్నాడు.

ఇంకెవరో, "దిమ్మ!" ఆ తర్వాత షెడ్డంతా: "డై! రెండు బటన్లు! మూడో చెయ్యి!"

మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. ప్రెస్సుల చప్పుడు మీద ఎక్కి అరిచారు. రెండోసారికి అధికారి రుమాలు కిందికి దిగింది.

"మూడో చెయ్యేంటి?"

లాయరు చెవి వదిలేశాడు. "ప్రెస్సులో భాగం సార్. మాకు ఇక్కడ నేర్పిందదొక్కటే. నోటి పరీక్షలో ఈ పాఠం చెప్పే గోరింక నూటికి నూరు తెచ్చుకుంది. మార్కులేసింది వీళ్లిద్దరు. తప్పయితే అప్పుడే సున్నా వెయ్యాల్సింది సార్! సున్నా వేసుంటే దాని వేళ్లు దానికుండేవి!"

కాంట్రాక్టరు నోరు తెరిచాడు. ఆలోగా మూల ప్రెస్సు మీదున్న మనిషి బటను మీంచి చెయ్యి తీసేసింది. ఆవిణ్ణి అందరూ ప్రెస్సక్క అంటారు, కాంట్రాక్టరు కంటే ముందునుంచీ ఆ షెడ్డులో ఉన్న మనిషి. రేకు విసిరికొట్టి, సుత్తి తీసుకుని, తన మిషను బటను సందులో ఒక్క దెబ్బ కొట్టింది. చెక్క ఎగిరి అధికారి బూటు ముందు పడింది.

"ఇదిగో అయ్యా మూడో చెయ్యి, చూసుకో. ఆ పిల్లని పెట్టుకోమన్నది నేనే. నన్ను పెట్టుకోమన్నది ఈయన. పెట్టుకోకపోతే పొమ్మన్నాడు. పెట్టుకునే ఇన్నాళ్లూ తిన్నాను. ఇక పెట్టను. ఏయ్, చూస్తారేంటే, కొట్టండి!"

ఒక్కొక్క ప్రెస్సు దగ్గరా చెక్క ఊడింది. సుత్తి లేనివాళ్లు చెప్పుతో కొట్టారు. ఆడవాళ్లూ పిల్లలూ కలిసి ప్రతి మిషను మీద నుంచీ చేతులెత్తేశారు. దిమ్మలు పైనే ఆగిపోయాయి. షెడ్డులో మోటార్ల రొద తప్ప ఇంకేం లేదు.

మెయిన్ స్విచ్చు నేను లాగానన్నాను కదూ? ఆ షెడ్డులో మెయిన్ స్విచ్చు ఎక్కడుందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను ఆ గడబిడలో పోయిన చెప్పు కోసం రేకుల గుట్ట వెనక వంగి ఉన్నాను. ఎవరో ఆడమనిషి నా చెప్పుతోనే చెక్క కొడుతోంది. టీ కూడా రాలేదు ఆ రోజు.

కాంట్రాక్టరు తేరుకుని చిటికేశాడు. "విన్నారుగా సార్! తన నోటితో తనే ఒప్పుకుంది. పిల్లకి చెక్క ఇచ్చింది ఈవిడే!"

ఆ మాటతో అధికారి మొహం ఎంత తేలికపడిందో చూడాల్సింది. వాళ్లకి నేరం నెత్తిన రుద్దడానికి ఒక మనిషి కావాలి. పిల్ల దొరకలేదు, అక్క దొరికింది. "నన్ను పెట్టుకోమన్నది ఈయన" అన్న సగం ఎవరికీ వినబడలేదు! మధ్యాహ్నం భోజనాల గంట కంటే ముందే పోలీసు వ్యాను వచ్చింది. పని ఆపించిందట. పిల్లల్ని రెచ్చగొట్టిందట. మైనరు పిల్ల చెయ్యి పోవడానికి కారణమైందట.

అక్క చేతులు తుడుచుకుని వ్యానెక్కబోయింది. పక్క ప్రెస్సావిడ అడ్డం వచ్చింది.

"నేనూ పెట్టాను చెక్క. నన్నూ ఎక్కించు."

"నేనూ పెట్టాను!"

"నేనూ!" అని పిల్లలు. "మేమందరం పెట్టాం! పెట్టమన్నవాణ్ణి కూడా ఎక్కించండి!"

లాఠీలు తిరిగాయి. లాయరు నుదురు చిట్లింది. అక్కని లోపలికి తోసి తలుపేశారు. అప్పుడు వ్యాను హారను ఇరుక్కుపోయింది. డ్రైవరు గుద్దాడు, పీకాడు, ఆగలేదు. ఫ్యాక్టరీ గేటు నుంచి స్టేషను దాకా వీధులన్నీ అదరగొడుతూ పోయింది. గ్యారేజీల్లోంచి, లేతు షెడ్లలోంచి, కుట్టుపని గదుల్లోంచి జనం బయటికొచ్చారు. వేరే బడుల వృత్తి చదువు పిల్లలు, వాళ్ల మిషన్ల నూనె చేతులతోనే, వ్యాను వెనక నడిచారు. స్టేషను మెట్లు కనబడకుండా కూర్చున్నారు.

గోరింక పేరు తీసెయ్యలేదు. హెడ్మాస్టరు మంచివాడయి కాదు, అంతమంది కళ్లెదురుగా తియ్యడం చేతకాక. అది చేతికి కట్టుతో అమ్మని పట్టుకుని వచ్చి మొదటి మెట్టు మీద కూర్చుంది. స్టేషనాయన వంగి, "నీ వేళ్లు పోగొట్టిన మనిషి కోసం కూర్చున్నావా? బుద్ధుందా నీకు?" అన్నాడు.

"ఆవిడకి ఎవరు నేర్పారో ఆయన్ని తీసుకురండి. అప్పుడు లేస్తాను," అంది గోరింక.

ఆ రోజు నుంచి లేవలేదు. చుట్టుపక్కల ఒక్కొక్క షాపులోనూ పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని, నేర్పితేనే చేస్తామంటున్నారు.

ఇక ఒక్క మాట చెప్పి పోతాను. వ్యాను హారను ఇరుక్కోలేదు. మెత్తగా, మర్యాదగా, చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. రోడ్డు మీద కాయలు బేరమాడేవాళ్లు తల కూడా తిప్పలేదు. జనం రావడం నిజం. కానీ వాళ్లొచ్చింది పిల్లలు రక్తం కారే నుదుళ్లతో షెడ్డు షెడ్డుకీ, గ్యారేజీ గ్యారేజీకీ తిరిగి, తలుపులు బాది, తిట్లు తిని పిలిస్తే. అదంతా చెప్పే ఓపిక లేక హారను మోగించాను. ఇందాకటి స్విచ్చు సంగతి కాక కల్పించింది అదొక్కటే. అక్క లోపలే ఉంది, పిల్లలు మెట్ల మీదే ఉన్నారు. నమ్మకపోతే వచ్చి చూడండి, వచ్చినవాళ్లు ఊరికే నిలబడకుండా కూర్చోండి.