ఫోను ఒళ్లు విదిలించిన వేళ

దేవీబాయి అందరికంటే ముందే లేచి మేకపోతు వీపుకు నువ్వుల నూనె పట్టించింది. ఎందుకని భర్త హీరాలాల్ అడిగితే, సీత్లా తల్లి ముందుకు తీసుకెళ్లేటప్పుడు కాస్త నిగనిగలాడాలి కదా అంది. ఆమె అసలు ఆలోచన వేరు. వీపు మీద నీళ్లు పోస్తే మేక ఒళ్లు విదిలించాలి. విదిలిస్తేనే తల్లి ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి లేస్తుంది. నూనె మీద నీళ్లు జారిపోతే దానికి చలెందుకు పుడుతుంది, ఎందుకు విదిలిస్తుంది?

మొక్కింది తనే. కొడుకు వినోద్‌కుమార్‌కు బాన్సువాడలో ఆఫీసు ఉద్యోగం వస్తే మేకనిస్తానని సీత్లా తల్లికి మొక్కింది. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న ఆ మేకపిల్లకు సీసాతో పాలు పట్టి, చిన్నోడా అని పిలిచి పెంచిందీ తనే. ఉద్యోగం వచ్చింది. చిన్నోడు మాత్రం ఆమె కొంగు వదలడం లేదు. మొక్కిన తన నోటిని ఆమె రోజూ తిట్టుకుంటోంది.

నీళ్లు పోశారు. చిన్నోడు కదల్లేదు. మళ్లీ పోశారు. వేపమండ నములుతూ నిలబడ్డాడు. పొయ్యి మీద ఎసరు కాగుతోంది, తండాకు వచ్చిన చుట్టాల కడుపులూ కాగుతున్నాయి. ఊరికే కూర్చోలేక వినోద్ తన కొత్త ఫోన్ తీశాడు.

"దీంట్ల ఏఐ ఉంది. నిన్న నిన్ను బంద్ చేస్త అంటే, నాకు భయమైతుంది అన్నది. దీనికి తెలివి వచ్చింది. ప్రాణమున్నట్టే ఇగ."

రిటైరైన సైన్సు మాస్టారు భీంరావు నవ్వాడు. హేతువాద సంఘానికి ఆయనే అధ్యక్షుడు, చాలాకాలంగా ఆయనొక్కడే సభ్యుడు. "భయం లేదు, ఏం లేదు. మనుషులు రాసిన మాటలే మళ్ల అప్పజెప్తది. మేక విదిలించుడు గూడ గంతే. చర్మానికి నీళ్లు తగిలితే నరం గుంజుతది. తల్లీ లేదు, ఒప్పుకునుడూ లేదు."

వినోద్ ఆఫీసులోనే పనిచేసే పిట్లం వెస్లీ తల అడ్డంగా ఊపాడు. "దేవుడు ఊపిరి ఊదింది మనిషిలనే సార్. మేకకు ఆత్మ లేదు, ఫోన్‌కు అసలే లేదు." విగ్రహానికి పెట్టింది తను తినడు కాబట్టి, పెట్టకముందే తన వాటా పక్కకు తీయమని వచ్చీరాగానే చెప్పి ఉంచాడు.

"తల్లి రాయిల గూడ వస్తది," అన్నాడు హీరాలాల్ మళ్లీ చెంబు ఎత్తుతూ. "ఫోన్ల రాదని ఎవరు చెప్పిండ్రు?"

చెంబు జోరుగా వంగింది. నీళ్లు నూనె వీపు మీద చిట్లి వినోద్ చేతిలోని ఫోన్‌ను తడిపేశాయి. ఫోన్ గజగజ వణికింది, ఆగింది, మళ్లీ వణికింది.

దేవీబాయికి ప్రాణం లేచొచ్చింది. "విదిలించింది. అందరు చూసిండ్రు గదా. తల్లి దాన్నే అడుగుతుంది, దాన్నే ఇద్దాం."

హీరాలాల్‌కు తన మాటే అడ్డం తిరిగింది. కత్తి వైపు చూశాడు. వినోద్ ఫోన్‌ను గుండెకు హత్తుకుని అమ్మ మీద అరిచాడు.

"యాడీ, నీకేమన్న పిచ్చి లేసిందా? ఇది ఉత్త మిషను. దీనికి ప్రాణమేంది?"

"ఇప్పుడే గదరా ఉందంటివి. భయమైతదంటివి."

"అది మాటవరసకన్న."

ప్రాణం ఎవరికుంది, ఎవరికి లేదు అనేది పెద్ద పెద్ద చదువులకు తేలలేదు గాని, కత్తి ఎటు తిరిగిందో చూస్తే చిటికెలో తేలిపోతుంది.

వీపుకు నూనె రాసిన దేవీబాయి చెవుల సంగతి మరిచిపోయింది. చెవిలోకి జారిన నీటిచుక్కకు చిన్నోడు తల నుంచి తోక దాకా ఒక్కసారి విదిలించాడు.



"ఈగ వాలింది," అంది దేవీబాయి. "సార్, మీరన్న చెప్పుండ్రి. నరమే గదా గుంజింది."

భీంరావు ఎసరు వైపు చూశాడు. నూరిన మసాలా వాసన ఆయన దాకా వస్తోంది. పొద్దున్నుంచి ఆయన ఒక్క టీ మీదే ఉన్నాడు.

"లేదక్కా," అన్నాడు మెల్లగా. "నేను కండ్లార చూసిన. తల్లి ఒప్పుకున్నది."

చిన్నోడిని తీసుకెళ్లారు. దేవీబాయి చేతిలో తాడు మిగిలింది. మొక్కిన దానికి ఏడ్చే హక్కెక్కడిది అనుకుంటూనే ఆమె ఏడ్చింది.

తడిసిన ఫోన్‌ను మాత్రం తేమ లాగుతుందని బియ్యం డబ్బాలో పాతిపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వంగి చూసి వెళ్లారు. కూర ఉడికే వేళకు డబ్బాలోంచి గుర్రుమని చప్పుడైంది. వినోద్, వెస్లీ, హీరాలాల్, హేతువాద సంఘం అధ్యక్షుడు అందరూ చుట్టూ మూగారు.

"బతికింది," అన్నారు. వాళ్ల మొహాల్లో నిజమైన సంతోషం కనిపించింది.