గంగామణి లాప్‌టాప్‌లో రెండో చిప్పు

నేను ఒక గ్రాఫిక్స్ చిప్పును. బొటనవేలి గోరంత చోటులో కోట్ల కొద్దీ సన్నని స్విచ్చులు పొదిగి నన్ను తయారుచేశారు. లాప్‌టాప్ అట్టపెట్టె మీద నా పేరు బంగారు రంగులో అచ్చువేశారు. నా పక్కనే, ప్రాసెసర్ కడుపులో, ఇంకో చిన్న గ్రాఫిక్స్ చిప్పు ఉంది. దాని పేరు పెట్టె మీద లేదు. అందుకే దాన్ని నేను లెక్కచేయలేదు.

జగిత్యాలలో పెళ్లిళ్లు, ఆటలు లైవ్‌లో చూపించే గంగామణి నన్ను కొంది. లైవ్ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని నాకే అప్పగించింది. బలమైనదానికే అన్నీ తెలుసని మనుషులకు ఒక నమ్మకం. అది నాకూ అంటుకుంది.

జిల్లా ఆడపిల్లల కబడ్డీ ఫైనల్ రోజు, కెప్టెన్ నవనీత ఆమె దగ్గరికి వచ్చింది.

"అక్కా, మా నాయిన మస్కట్ల క్రేన్ నడుపుతడు. నేను ఆడంగ ఒక్కసారి గూడ చూడలే. ఇయ్యాల శుక్రారం, నాయినకు సెలవే. జర మంచిగ చూపియ్యక్కా."

"చూపిస్త బిడ్డా, నువ్వు పో."

మైదానం చుట్టూ పెట్టిన ఫోన్ల దృశ్యాలు లాప్‌టాప్ తెర మీదికి వస్తాయి. ఆ తెరనే లైవ్‌లోకి పంపాలి. విజిల్ మోగింది. లైవ్‌లో మాత్రం అంతా నలుపు. నవనీత తండ్రి రాజలింగం పేరుతో కామెంటు వచ్చింది: "ఏం కనవడ్తలేదమ్మా."

నిజానికి నాకూ ఏమీ కనబడలేదు.

గంగామణి సెట్టింగులన్నీ వెతికి, ఆగి, తనలో తాను అనుకుంది: "తెర గీసేది చిన్న చిప్పు. చూడుమని చెప్పింది పెద్దదానికి. ఎట్ల కనవడ్తది?"

సాఫ్ట్‌వేర్‌ను మూసి, చిన్న చిప్పుకు అప్పగించి తెరిచింది. బొమ్మ వచ్చింది, కానీ చూడడం, పంపడం రెండూ దానివల్ల కాక వెంటనే తడబడసాగింది. అప్పుడు వీడియోను కుదించి పంపే పని ఒక్కటీ నాకిచ్చింది. అది చూసింది, నేను పంపాను. ఆట చివరిదాకా ఎక్కడా ఆగలేదు. నవనీత జట్టు ఒక్క పాయింటుతో గెలిచింది. కానీ లైవ్ నల్లగా ఉండిపోయిన మొదటి నాలుగు నిమిషాల్లోనే ఆమె ఒకే కూతకు ఇద్దరిని అవుట్ చేసింది.

ఇప్పుడు ఆ లాప్‌టాప్ పాడైంది. మేమిద్దరం రిపేరు షాపులో పాత బోర్డుల డబ్బాలో ఉన్నాం. తీరికే తీరిక. నాకు తరచూ గుర్తొచ్చేది ఆ ఫైనల్ కాదు.

ఫైనల్ అయిన మరుసటి ఏడాది, మేమింకా పనిలో ఉన్నప్పుడే, రాజలింగం సెలవు మీద ఊరికి వచ్చి, కూతురితో కలిసి గంగామణి స్టూడియోకు వచ్చాడు.

"ఆ నాలుగు నిమిషాలు ఏడనన్న ఉన్నయా బిడ్డా?"

"లెవ్వు కాకా. తప్పు నాదే," గంగామణి తల దించుకుంది.

నవనీత చెప్పులు విప్పి, కుర్చీలు గోడకు జరిపింది. "నాయినా, నువ్వు గాడ నిలవడు. అక్కా, నువ్వు గీడ." ఒక్క ఊపిరిలో కూత పెడుతూ దూసుకొచ్చింది. గంగామణి చేతిని తాకి తప్పించుకుని తండ్రి మోకాలు తాకింది. ఆయన నిజంగానే పట్టబోయి, పట్టు దొరకక నేల మీద కూలబడి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

బల్ల మీది లాప్‌టాప్‌లో మేమిద్దరం ఖాళీగా ఉన్నాం. కెమెరా ఆన్ చేయాలని ఎవరికీ తోచలేదు.