పచ్చ చుక్కల అట్టలు

కొండూరి నీలవేణి రాసిన ముప్పై నాలుగు నవలలకూ మొదటి ముద్రణ అట్టలు ఈ హైదరాబాద్‌లో ఒక్కడి దగ్గరే ఉన్నాయి. ఆ ఒక్కడూ నేనే. ఈ మాట నేను చెప్పుకోకపోతే ఇంకెవరూ చెప్పరు కాబట్టి చెప్పుకుంటాను. జగదీశ్వర్ అని నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి, అట్టల సారు అనేవాళ్ళు ఎక్కువయ్యారని మా ఆవిడ భాగ్యశ్రీ ఎద్దేవా చేస్తుంది. చేయనీండి.

కరెంటు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు మీటర్ రీడర్‌గా పనిచేశాను. కార్వాన్, ధూల్‌పేట్ గల్లీల్లో నేను గడప తొక్కని ఇల్లు లేదు. మీటరు చూడ్డానికి వెళ్ళినవాడు మీటరు చూడాలి. నా కళ్ళు మాత్రం గూట్లో పుస్తకాల మీదే ఉండేవి. అప్పట్లో నవలలు కొనేవాళ్ళు తక్కువ, అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని చదివేవాళ్ళే ఎక్కువ. కొత్త నవల రాగానే షాపువాడు మొదట చేసే పని దాని రంగుల అట్ట పీకి పారేసి, గట్టి బైండింగ్ చేయించడం. పుస్తకం వంద చేతులు మారాలి కదా. అలా నీలవేణి కథలు మిగిలాయి, బొమ్మలు పోయాయి. పోయినవాటిని ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నాను. ఒకటి దేవుడి పటం వెనక దన్నుగా పెట్టి ఉంటే, కొత్త పటం కట్టించి ఇచ్చి మరీ తెచ్చుకున్నాను.

ఆ బొమ్మలు వేసింది అమరనాథ్ అనే ఆర్టిస్టు. ఏ నవల చూసినా నాయికది ఒకటే మొహం. పెద్ద కళ్ళు, మొండి గడ్డం. చెయ్యి కనిపించే పదకొండు బొమ్మల్లోనూ ఎడమ మణికట్టు మీద మూడు పచ్చ చుక్కలుంటాయి. రెండో ముద్రణకు వచ్చేసరికి ఆ చుక్కలు మాయం. అవి అచ్చు బ్లాకులో వచ్చిన లోపమనీ, మొదటి ముద్రణను గుర్తుపట్టే పద్ధతి అదేననీ కనిపెట్టింది నేనే. ఒక పత్రికలో వ్యాసం కూడా రాశాను. లోపమైతే ప్రతిసారీ సరిగ్గా చేతి మీదే ఎట్లా పడుతుందని భాగ్యశ్రీ అడిగింది. అచ్చు సంగతి నీకేం తెలుసని ఆమె నోరు మూయించాను.

ఈ ఏడు మా బస్తీ గ్రంథాలయం వాళ్ళు నా అట్టలతో ప్రదర్శన పెడతామన్నారు. ఆదివారం మొదలు. ఒక్కో అట్ట కింద పెట్టడానికి చుక్కల వివరంతో సహా కార్డులు అచ్చు వేయించాను. నేల మీద నడుస్తున్నట్టే లేదు నాకు. గురువారం పొద్దున మా గల్లీ వినాయకుడి కోసం ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే మల్లన్న దగ్గరికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఆగమ్మ, డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, ఒక మూల కూర్చుని విగ్రహాల చేతులకు తెల్లరంగు పూస్తోంది. వచ్చిన పని చూసుకుని వెళ్ళొచ్చు కదా. ఊరుకోలేక ప్రదర్శన సంగతి చెప్పి, ఫోను తీసి మల్లన్నకు నా అట్ట ఒకటి చూపించాను.

మల్లన్న నవ్వాడు. మల్లన్న చిన్నప్పటి నుంచీ వాళ్ళమ్మ ఇదే పాట పాడుతోందట. వాళ్ళ గల్లీలో ఒక ఆర్టిస్టు కిరాయికి ఉండేవాడనీ, ఆమెను కూర్చోబెట్టి వేసిన బొమ్మలు పుస్తకాల మీద వచ్చాయనీ. ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో పుస్తకాల దుకాణం ముందు అలాంటి పుస్తకం ఒకటి తాడుకు వేలాడుతుంటే కళ్ళారా చూసిందట. భర్తను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి అది అమ్ముడుపోయిందట. మళ్ళీ ఒక్కటీ ఆమె కంటపడలేదు. ఇంట్లో పిల్లల దగ్గర నుంచీ అందరూ ఆమెను హీరోయిన్ అని ఆటపట్టిస్తారట.

"నువ్వే చెప్పు సారూ," అన్నాడు మల్లన్న. "ఆ బొమ్మ చేతికి తన పచ్చబొట్టే ఉందంటది. ఇది పచ్చబొట్టేనా?"

అడిగింది నా సొంత సబ్జెక్టు. ఆగుతానా? అది పచ్చబొట్టు కాదనీ, అచ్చు తప్పనీ, దాన్ని కనిపెట్టింది నేనేననీ వివరంగా చెప్పాను.

"ఇన్నవా అమ్మా? సదువుకున్న సారు చెప్తుండు," అన్నాడు మల్లన్న.

ఆగమ్మ లేచి బకెట్లో చేతులు కడుక్కుంది. వచ్చి, ఎడమ చెయ్యి నా ఫోను పక్కన పెట్టింది. మణికట్టు మీద మూడు చుక్కలు. చర్మం ముడతలు పడి, రంగు వెలిసిపోయింది గానీ వరస అదే. రెండు దగ్గరగా, మూడోది కాస్త ఎడంగా.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే ఒప్పుకోవలసింది. పచ్చబొట్లు చాలామందికి ఉంటాయని గొణిగి బండెక్కాను. విగ్రహం సంగతే మరిచిపోయాను.

ఇంటికొచ్చి పదకొండు అట్టలూ భూతద్దం కింద పెట్టి చూశాను. అన్నిట్లోనూ రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. అచ్చు లోపం పదకొండుసార్లు ఒకేలా రాదు. నా వ్యాసం పోయినందుకు బాధ కలిగిన మాట నిజమే. అంతకన్నా ఎక్కువ బాధ, ఒక ముసలామె నిజాన్ని ఆమె కొడుకు ముందు నా నోటితో అబద్ధం చేసి వచ్చినందుకు. సంగతి విని భాగ్యశ్రీ ఒకటే మాట అంది.

"ఒప్పుకుంటే నీ అట్టలేమన్న పారిపోతయా?"

మర్నాడు పొద్దున్నే ఆల్బమ్ పట్టుకుని వెళ్ళి ఆగమ్మ ముందు చాప మీద పరిచాను. ఆమె చాలాసేపు ముట్టుకోలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, అప్పుడు ఒకటి తీసుకుంది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాయిక నిలబడ్డ మేడ ఉత్తదేననీ, పదహారేళ్ళ వయసులో తను కూర్చున్నది విగ్రహాల పందిరి కిందనీ చెప్పింది. ఒక బొమ్మలోని గులాబీ చూసి పకపకా నవ్వింది. ఆ రోజు తన చేతిలో ఉన్నది వంకాయట. చివరికి చుక్కల మీద వేలు పెట్టింది.

"ఇవి తీసేస్తనన్నడు అమరనాథ్ సారు. సదువుకున్న పిల్ల బొమ్మకు బాగుండదన్నడు. ఇవి తీస్తే అది ఇగ నేనెట్లయిత అని లేచి వచ్చిన. మళ్ల పిలిచి గిట్లనే ఏసిండు."

రెండో ముద్రణలో వాటిని తీసేయించింది ఎవరో నాకు తెలియదు. పదహారేళ్ళ పిల్ల పట్టు పట్టి నిలబెట్టుకున్నదాన్ని ఇన్నేళ్ళు తప్పు అని చాటింది మాత్రం నేను. మల్లన్న ఒక అట్ట తీసి వాళ్ళమ్మ చెంప పక్కన పెట్టి గడ్డం వంక చూశాడు. రోజూ మొహాలు తీర్చిదిద్దే మనిషి. ఇంక నవ్వలేదు.

"తప్పు నాదమ్మా," అన్నాను. "ఇరవై ఏండ్ల సంది తప్పే చెప్పిన."

"ఈడ చెప్తే ఏం లాభం సారూ? ఆడ చెప్పు," అంది ఆగమ్మ.

ఆదివారం గ్రంథాలయం హాలు నిండింది. పాత కార్డులు చించేసి, కొత్తది నా చేత్తోనే పెద్ద అక్షరాలతో రాసి గోడ మధ్యలో పెట్టాను. ఆగమ్మ జరీ అంచు చీర కట్టుకుని, కొడుకునూ కోడలినీ మనవలనూ వెంటేసుకుని వచ్చింది. ముప్పై నాలుగు అట్టల ముందూ ఆగి ఆగి నడిచి, కార్డు దగ్గర నిలబడింది. ఆమెకు చదువు రాదు. ఏం రాసి ఉందో చదవమంది.

"ఈ బొమ్మల్లో ఉన్నది ధూల్‌పేట్ ఆగమ్మ. చేతి మీద చుక్కలు ఆమె పచ్చబొట్టు. అవి అచ్చు లోపమని నేను రాసింది తప్పు," అని చదివాను.

"మళ్లొకసారి సదువు. జర గట్టిగ. మావోడు ఇనాలె."

హాలంతా వినపడేలా చదివాను. జనం ఇటు తిరిగారు. నా తప్పును నేనే అంత గట్టిగా చదువుతున్నా నాకు సిగ్గనిపించలేదు. నా సేకరణను చూసి అంత గర్వపడిన రోజు మరొకటి లేదు.

మల్లన్న ముందుకొచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు నిజమే చెప్పినవమ్మా," అన్నాడు.

ఆగమ్మ గోడ మీది నుంచి చూపు తిప్పలేదు.

"యాభై ఏండ్ల సంది గదే చెప్తున్న," అంది.