చివరి కూత ఫొటో

నేను ఒక ఫిల్ము కెమెరాను. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నాకే గుర్తులేదు. చేతులు మారి మారి విశాఖపట్నంలోని ఓ పాత సామాన్ల దుకాణంలో తేలితే, డ్రాయింగు మాస్టారు అప్పలస్వామి నన్ను కొని లక్కబొమ్మలు చేసే తన ఊరికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆయన అద్దాల బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్నాను.

ఆయనకు ఫొటోల పిచ్చి. ఆరబెట్టిన లక్కబొమ్మలు, ఏట్లో గేదెలు, ఊళ్లో ఆటల పోటీలు, దేన్నీ వదిలేవాడు కాదు. మనిషి మంచివాడేగాని ఫిల్ము దగ్గర పరమ పిసినారి. ముప్పై ఆరు ఫొటోల రీలులో ఇంకో రెండు లాగాలని, ఫిల్ము కొసను, అది చుట్టుకునే నా కడ్డీలో గోరంత మాత్రమే దూర్చేవాడు.

ఎగువపేట, దిగువపేట ఆడపిల్లల కబడ్డీ ఫైనలు నాడు ఆ కొస కాస్తా జారిపోయింది. ఆయన మీట లాగుతున్నాడు, నేను క్లిక్కుమంటున్నాను, లోపల ఫిల్ము కదలడం లేదు. చూడ్డానికి నాకు కన్నుందిగాని చెప్పడానికి నోరు లేదు.

చివరి కూతకు ఎగువపేట నూకరత్నం వెళ్లింది. గెలిచిన జట్టులోంచే ఒకరిని జిల్లా జట్టుకు తీసుకుంటామన్నారు. ఎగువపేట గెలిస్తే ఆ ఒకరు ఆమే. దిగువపేట పిల్లలు ఐదుగురు ఆమెను పట్టి పడేశారు. దుమ్ములో ఆమె చెయ్యి నడిగీత వైపు సాగింది. గీత తాకితే గెలుపు ఎగువపేటది.

"తాకినాను," అంది నూకరత్నం. తాకలేదన్నారు వాళ్లు. రెండు పేటల మగాళ్లూ కర్రలు అందుకున్నారు. అంపైరు మధ్యలోకి దూకాడు.

"మాస్టారు గీత కాడే ఉండి ఫొటో తీసినారు. అదేటి సెప్తే అదే," అన్నాడు.

రీలు తీయడానికి మాస్టారు నా పిడి తిప్పాడు. బిగువన్నదే లేకుండా గిర్రున తిరిగింది. ఫిల్ము అసలు కదల్లేదని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఫొటో లేదంటే తలలు పగులుతాయి. నాకూ భయమేసింది.

నూకరత్నం దగ్గరికొచ్చింది. "మాస్టారూ, ఫొటోలో గీత కనబడతాదా?"

"కనబడుతుంది," అన్నాడాయన నేల చూస్తూ.

ఆమె గీత వైపోసారి చూసి అంపైరు వైపు తిరిగింది. "నా సెయ్యి అందనేదు."

కర్రలు దిగాయి. జిల్లా జట్టుకు దిగువపేట పిల్లను రాసుకున్నారు. జనం వెళ్లిపోయాక నూకరత్నం మళ్లీ వచ్చింది.

"ఆ ఫొటో నాకొకటి ఇయ్యండి. మా అమ్మకి సూపిస్తాను."

మాస్టారు నా వెనక మూత తెరిచాడు. ఫిల్ము కొస వదులుగా వేలాడింది.

"ఒక్కటీ పడలేదమ్మా. అబద్ధం చెప్పాను."

నన్ను నేలకేసి కొడుతుందనుకున్నాను. కొట్టినా తప్పులేదు.

"ముందే సెప్పుంటే నాను నోరిప్పకపోదును మాస్టారూ," అంది. తర్వాత వెళ్లి గీత ముందు కూర్చుంది. గీతకు బెత్తెడు ఇవతల దుమ్ములో అరచెయ్యి ఆనించి నా కంటి వైపు చూసింది.

"ఇక్కడిదాకా వచ్చినాను."