ఎడమ స్కీ

కొండ అడుగున ఉన్న చెక్కగదిలో మూడు జతల స్కీలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి పైభాగాలకు జోసియాన్ మొత్తం నల్ల టేపు చుట్టేసింది. అన్నిటికీ బూట్లు పట్టి ఉంచే బిగింపులు ఒకే రకంవి వేయించింది, అంచులకు పదును పట్టించింది. ఏది ఏ కంపెనీదో తెలిసే వీలు లేదు.

అలా చేయమన్నది ఆమె చెల్లెలు కొరాలీయే. "పేరు కనబడితే నా కాళ్ళు అబద్ధం చెబుతాయక్కా" అంది.

మర్నాడే పోటీ. అందులో గెలిస్తే జాతీయ జట్టులో చోటు. లేదంటే ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని మళ్ళీ ఎవరూ పిలవరు. ఈ చలికాలమంతా కొరాలీ మంచు దిబ్బల మీద వెనకబడుతూనే ఉంది. "నా స్కీలు చచ్చిపోయాయి కోచ్, ఎడమది మరీను" అని అడిగిన ప్రతిసారీ చెప్పింది. చివరికి ఫెర్నాన్ విసిగిపోయి కొత్త జతలు తెప్పించి జోసియాన్ చేతికిచ్చాడు. పాతవి ఇంట్లో మంచం కిందికి చేరాయి.

కొరాలీ ఒక్కొక్క స్కీనీ నిలబెట్టి, ముక్కు పట్టుకుని లాగుతూ నడుము మీద అరచేత్తో నొక్కి చూసింది. ముక్కు మెత్తగా వంగాలి, మడమ వెనక గట్టిగా నిలవాలి. ముక్కు వంగకపోతే దిబ్బ కొట్టే దెబ్బంతా మోకాలే తింటుంది.

"పెళ్ళిచూపులు అయ్యాయా? ఇక నడువు" అంది జోసియాన్.

వాళ్ళింట్లో స్కీలు పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడూ ఒకే దారిన దిగాలి. ఆగగానే, ఊపిరి తీసుకోకముందే ఒక్క మాట చెప్పాలి. ఆ తర్వాత చెప్పేదంతా వకాల్తా అని జోసియాన్ అంటుంది.

మొదటి జతతో దిగింది. దిబ్బ ఎక్కినప్పుడల్లా మోకాళ్ళు గుండెకు తగులుతున్నాయి, దిగినప్పుడల్లా కాళ్ళు సాగుతున్నాయి. అంతా బాగానే ఉంది. కుడికి తిరిగినప్పుడు మాత్రం ఎడమది మంచును పట్టుకోవడానికి తడబడుతోంది.

"ఆలస్యం" అంది ఆగుతూనే. "ఎడమది."

రెండో జతకూ అదే మాట.

"కంపెనీలన్నీ కూడబలుక్కుని నీ ఎడమకాలి మీద పగబట్టాయేమే!" అని జోసియాన్ నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కొరాలీ గమనించలేదు.

మూడో జత కాలికి వేసుకోగానే ఒంటికి పట్టింది. దిబ్బల మధ్య పల్లాల్లో నీళ్ళు దారి వెతుక్కున్నట్టు జారింది. కింద ఆగేసరికి కొరాలీ మొహం వెలిగిపోతోంది.

"నాది!" అంది. తర్వాత ఊపిరి తీసుకుని, "ఎడమది కొంచెం..." అని ఆగిపోయింది.

జోసియాన్ మంచు వైపు చూస్తూ, "రెండూ మార్చి వేసుకో. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి. మళ్ళీ దిగు" అంది.

లిఫ్టు మీద పైకి వెళుతున్నంతసేపూ కొరాలీ తన కాళ్ళకేసి చూసుకుంది. దేవదారుల మీద మంచు బరువుగా వేలాడుతోంది. ఎవరో కింద కేకలు పెట్టి నవ్వుకుంటున్నారు.

దిగింది. ఇందాక తడబడిన స్కీ ఇప్పుడు కుడికాలి కింద చక్కగా పలుకుతోంది. చక్కగా పలికినది ఎడమకాలి కిందికొచ్చి తడబడుతోంది. ప్రతి దిబ్బ దగ్గరా మోకాలు వంగబోయి, వంగేముందు ఒక క్షణం ఎవరినో అనుమతి అడుగుతోంది.

కింద ఆగింది. ఈసారి ఏ మాటా చెప్పలేదు. వంగి టేపు పీకింది. దాని కింద పాత గీత, నీటిపక్షి బొమ్మ సగం చిరిగిన స్టిక్కరు. తన స్కీలే.

"మంచం కింద నుంచి ఎప్పుడు తీశావు?"

"నువ్వు నిద్రపోతుంటే."

"మోసం చేశావు."

"కళ్ళు కప్పమన్నది నువ్వేగా."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"క్రిస్మస్‌కి అమ్మావాళ్ళింట్లో మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నావు చూడు, అప్పట్నించి."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే నమ్మేదానివా? పోటీలు మానేసే వంతు నాకొచ్చినప్పుడు నేను నమ్మానా?"

రెండేళ్ళ కిందట కొరాలీ ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఎముక అతికింది, నరం కుదురుకుంది, కుడిదానితో సమానంగా బలం ఉందని డాక్టర్లన్నారు. వాళ్ళన్నది నిజమే. దిబ్బ ముందు అది ఎందుకు జంకుతుందో వాళ్ళకు కనబడదు. ఈ చలికాలమంతా ఆమె ఒక్క ఆశ మీద బతికింది. సరైన జత దొరికితే చాలనుకుంది. సరైన జత మొదట్నుంచీ తన కాళ్ళకిందే ఉంది.

కొరాలీ మంచులో కూలబడింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

చెక్కగది తలుపు తోసుకుని ఫెర్నాన్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. పోటీకి ముందు స్కీలు బాగా జారడానికి అడుగున పూసే మైనం అక్కడ వేడెక్కుతున్న వాసన వచ్చింది.

"ఏవమ్మా, ఏది నచ్చింది?" టేపు ఊడిన స్కీలు చూసి పగలబడి నవ్వాడు. "పాతవేనా! నేను చెప్పలా, స్కీల్లో ఏం లేదని! ఇటివ్వు, రేపు పోటీకి మైనం పెట్టి అద్దంలా చేసి ఇస్తా. ఇందులో ఎడమది ఏది?"

"ఏదైనా ఒకటే కోచ్" అంది కొరాలీ.

అతను రెండూ భుజాన వేసుకుని గదివైపు తిరిగాడు. ఆమె అతని వీపునే చూస్తూ కూర్చుంది. జోసియాన్ చెల్లెలి ఎడమ బూటు మీద పేరుకున్న మంచును చేత్తో దులుపుతోంది.

"కోచ్" అని పిలిచింది కొరాలీ.

ఫెర్నాన్ ఆగి, నవ్వు మొహంతోనే వెనక్కి చూశాడు.

"మైనం పెట్టకండి."